ఒకే డాట్ కామ్‌ల పాములు, పెండ్లి సంబంధాలు

మా హెడ్‌మాస్టర్ సారు కొడుకును నేను పాములల్ల కలిపిన. నవ్వకుండ్రి, నిజంగనే కలిపిన! ఆ సోమారం పొద్దుగాల పది నుంచి ఒంటిగంట దాకా నా పానం ఎట్ల కొట్టుకున్నదో నాకే ఎర్క. మొత్తం చెప్త, ఛాయ్ తాగుకుంట ఇనుండ్రి.

నేను తిరుమలగిరి హైస్కూల్ల సైన్స్ టీచర్ను. తొంభై తొమ్మిదిల ముచ్చట. ఎండకాలం సెలవులల్ల నల్లగొండకు పోయి కంప్యూటర్ నేర్చుకున్న. అక్కడ నసీర్ భాయ్ అని ఒకాయన కొత్తగ ఇంటర్నెట్ సెంటర్ పెట్టిండు. రెండు కంప్యూటర్లు, ఒకటే ఫోన్ లైను. ఆయన తాన కూసొని వెబ్‌సైట్ తయారు జేసుడు నేర్చిన. నేను పెడ్దామనుకున్నది పాముల గురించి. మా దిక్కు పొలాలల్ల ఏ పాము కనవడ్డా కొట్టి సంపుతరు. కరిస్తే దవాఖానకు పోకుండ మంత్రం ఏపిచ్చుకుంటరు. ఏది విషపుది, ఏది కాదు, కరిస్తే ఏం జెయ్యాలె, ఇదంత ఫోటోలతోని రాయాలని నా కోరిక. పొలంల పామును చూసినోడు ఉరికి పోయి ఇంటర్నెట్ ఏడ చూస్తడు అన్నది మాత్రం నాకు తట్టలే!

ఈ సంగతి హెడ్‌మాస్టర్ సారు చెవుల పడ్డది. ఆయనకు సంబంధాలు కుదిర్చే పిచ్చి. టేబుల్ సొరుగుల హాజరు పట్టీల కంటే పెండ్లీడు పిల్లల ఫోటోలే ఎక్కువుంటయి.

"శంకర్, నీ ఇంటర్నెట్ల మన సంబంధాలు గూడ పెట్టరాదు?"

హెడ్‌మాస్టర్ అడిగితే కాదంటమా! పెడ్త సార్ అన్న. ఫస్ట్ ఫోటో ఎవరిదిచ్చిండో తెల్సా? ఆయన సొంత కొడుకు శ్రీనివాస్‌ది.

ఇంటికొచ్చి చెప్తే మా సుజాత మూతి ముడుచుకున్నది. ఆమె జాకెట్లు కుడ్తది. "మీ పాములకు జాగ ఉంది, మీ సారు సంబంధాలకు జాగ ఉంది. నా జాకెట్ డిజైన్లు ఏం పాపం జేసినయి?"

పాములు, పెండ్లిళ్ళు, జాకెట్లు. నసీర్ భాయ్ తల పట్టుకున్నడు.

"సార్, ఇవి మూడు వేరే వేరే దుకాణాలు. మూడు డాట్ కామ్ పేర్లు తీస్కో. జాకెట్ కోసం వచ్చిన ఆడామె పామును చూస్తే మళ్ళ వస్తదా?"

నాకు గూడ అదే మంచిదనిపిచ్చింది. కాని పేరు కొనాల్నంటే క్రెడిట్ కార్డు కావాలె. మొత్తం నల్లగొండల అది ఎవరి తాన ఉన్నదో నాకు తెల్వది. నసీర్ వాళ్ళ అన్న షార్జాల ఉంటడు, ఆయనకు ఉన్నది. "ఒక్కసారంటే అన్నను అడుగుత. మూడుసార్లు అడిగితే నన్ను పాగల్ అనుకుంటడు" అన్నడు నసీర్. నాకు గూడ మొహమాటమైంది. సరే, ఒక్క పేరే తీస్కుందాం, మా ఊరి పేరు పెడ్దాం, లోపల అన్ని సర్దుకుంటయి అన్న. మా ఇంట్ల ఒక్క బీరువల అన్ని పట్టవా ఏంది!

తెలుగు అక్షరాలు అప్పుడు కంప్యూటర్ల సరిగ వస్తుండె గాదు. అందుకని బోర్డులు రాసే పెయింటర్‌తోని హెడింగులు రాయించి, స్కాన్ చేసి బొమ్మల్లెక్క పెట్టినం. సంబంధాల పేజీకి "మంచి కుటుంబం, నెమ్మది గుణం" అని. అది ముందుగాల పెట్టినం, పదిహేను రోజులు మంచిగనే నడిచింది. తర్వాత ఐతారం నల్లగొండ పోయి పాముల పేజీ ఎక్కిచ్చిన. దాని హెడింగు: "విషం ఉన్నదా, లేదా? చూడంగనే గుర్తుపట్టుండ్రి!"

ఎక్కిచ్చి బస్సుకు ఉరికిన. నసీర్ వెనుకనుంచి వచ్చి, "సారుకు చూపియ్యనీకి సంబంధాల పేజీ ప్రింటు" అని కవరు చేతుల పెట్టిండు. బస్సుల సీటు దొరికిన సంబురంల దాన్ని తెర్వనే లేదు.

సోమారం పొద్దున స్కూల్‌కు పోంగనే సారు పిలిచిండు. మనిషి మస్తు ఖుషీగున్నడు.

"శంకర్, కొత్తకోట సంబంధం దాదాపు కుదిరినట్టే. పిల్ల మేనమామ బెంగళూరుల కంప్యూటర్ల పని జేస్తడట. ఇయ్యాల ఒంటిగంటకు లంచ్ టైంల మన పేజీ చూస్తనన్నడు. ఆయన ఊఁ అంటే అయిపోయినట్టే. ఏదీ, ప్రింట్ తెచ్చినవా?"

తెచ్చిన సార్ అని కవరుల చెయ్యి పెట్టి సగం బయటికి గుంజిన. అక్కడనే ఆపిన!

శ్రీనివాస్ ఫోటో. కోటు ఏస్కొని, జర పక్కకు చూసుకుంట. దాని మీద ఇంతింత అక్షరాలతోని: "విషం ఉన్నదా, లేదా? చూడంగనే గుర్తుపట్టుండ్రి!" కింద, "పొడుగు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. రంగు చామనచాయ."

"అరె సార్, ఇది కరెంటు బిల్లు. ప్రింట్ ఇంట్లనే మర్చిపోయిన" అని కవరు మూసేసిన.

"కరెంటు బిల్లుల మావోని కోటు ఎందుకుంది?" అన్నడాయన.

నేను వినవడనట్టు బయటికి ఉరికిన. అప్పుడర్థమైంది నేను జేసిన పని. రెండు హెడింగుల బొమ్మలకు "హెడింగ్" అని ఒక్కటే పేరు పెట్టిన. వేరే వేరే డాట్ కామ్‌లయితే ఏంగాకపోతుండె. ఒక్కదాంట్ల పెడితే కొత్తది వచ్చి పాతదాని జాగల కూసున్నది. పాముల హెడింగు రెండు పేజీలకు అతుక్కున్నది!

స్కూల్ ముందటి ఎస్టీడీ బూత్‌ల జొర్రి నసీర్‌కు ఫోన్ కొట్టిన.

"ఫికర్ నక్కో సార్. పాత హెడింగు నా కంప్యూటర్ల ఉన్నది, ఇప్పుడే ఎక్కిస్త."

నేను బూత్‌లనే నిలబడ్డ. గడియారం దిక్కు, రోడ్డు దిక్కు చూసుకుంట. పదిహేను నిమిషాలకు మళ్ళ కొట్టిన.

"అయింది సార్! అబ్బాయి మీద మంచిగొచ్చింది. కానీ..."

"కానీ ఏంది భాయ్?"

"నాగుపాము మీద గూడ 'మంచి కుటుంబం, నెమ్మది గుణం' అని వచ్చింది. రక్తపింజర మీద గూడ."

పేరు అదే గదా! ఇటు తీస్తే అటు, అటు తీస్తే ఇటు. ఆ మేనమామ పక్కపేజీ నొక్కిండనుకో, మేం పెండ్లికి ఇంకెవరెవర్ని పెట్టినమో చూస్తడు.

"పామును తీసెయ్! మొత్తం పామును తీసెయ్ భాయ్!" అని మొత్తుకున్న.

నా వెనుక ఫోన్ కోసం కూసున్న ముసలవ్వ ఒక్క ఎగురు ఎగిరి బెంచీ మీదికెక్కింది. "పామా? ఏడుందయ్యా?" బూత్ నడిపే ఖాదర్ భాయ్ చీపురు తీస్కొని ఉరికొచ్చిండు. బయట సైకిలోళ్ళు ఆగిండ్రు. పాము లేదు, ఇంటర్నెట్ల ఉన్నది అని చెప్తే, అదేడుంటదని ఖాదర్ భాయ్ నా కాళ్ళ కింద చీపురు పెట్టి ఊడ్సుడు వెట్టిండు. ఈ లొల్లిల నసీర్ ఏం జెప్పిండో వినవడలే. మళ్ళ కొడితే ఎంగేజ్. మళ్ళ ఎంగేజ్. ఇంటర్నెట్ నడుస్తుంటే ఆ ఫోను దొరకది గదా!

ఒంటిగంటయింది. ప్యూన్ వచ్చి, "సారు పిలుస్తుండు" అన్నడు. ట్రాన్స్‌ఫర్ ఏడికైతదో అనుకుంట పోయిన. సారు ఫోన్ పక్కన కూసున్నడు. ముఖం చూస్తే కోపమో, నవ్వో తెలుస్తలేదు.

"మేనమామ ఫోన్ చేసిండు. లంచ్ దాకా ఆగలేదట. పొద్దున ఆఫీసుకు పోంగనే చూసిండట."

అంటే మేం ఈ తిప్పలంత పడకముందే!

"పైన రాసింది చదివి ఆఫీసోళ్ళందర్ని పిలిచి చూపిచ్చిండట. పిల్లకు గూడ ఫోన్ల చదివి చెప్పిండట. పిల్ల ఏమడిగిందో తెల్సా?"

"ఏమడిగింది సార్?"

"అబ్బాయి ఇంతకు విషం ఉన్నోళ్ళలనా, లేనోళ్ళలనా అని. నేనేం జెప్పాలె?"

"లేనోళ్ళలనే అని చెప్పుండ్రి సార్. మన శ్రీనివాస్‌ది మెత్తని గుణం."

సారు నన్ను ఎగాదిగా చూసి, కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "నేనూ అదే చెప్పిన" అన్నడు. అప్పుడు నవ్విండు. ఇట్ల నవ్వులాటలాడే పిల్ల మా ఇంటికి కావాలె అని ఆయనే అన్నడు. నెల తిరక్కముందే కొత్తకోటల పెండ్లి అయింది.

పెండ్లయిన తెల్లారే సారు ఆర్డరేసిండు, "శంకర్, ఎవరి డాట్ కామ్ వాళ్ళకు పెట్టు." సిగ్గిడిసి షార్జా అన్నను మళ్ళ అడిగిచ్చిన. మూడు పేర్లు, మూడు పేజీలు, మూడు పాస్‌వర్డ్‌లు. ఎవరన్న చూస్తరని పాస్‌వర్డ్‌లను మూడు చీటీల మీద రాసి దాసిన. ఏ చీటీ దేనిదో మాత్రం రాయలే! సంబంధాల పేజీ పాతదే అట్లనే పెట్టిన, శ్రీనివాస్ ఫోటో తీసేద్దామని మళ్ళ పోయి ఒకదానివెనుక ఒకటి కొట్టి చూస్తే, తప్పుడు పాస్‌వర్డ్ అని మూడింటి తలుపులు మూసుకున్నయి.

ఒకనాడు సారు పిలిచిండు. అప్పటికి పెండ్లయి మూడు నెలలాయె. శ్రీనివాస్ ఫోటో ఇంకా అట్లనే ఉన్నదట, మంచి పిల్ల కావాలె అని.

"నిన్న హుజూర్‌నగర్ నుంచి ఒకాయన మా ఇంటికి ఫోన్ చేసి మావోని జాతకం అడిగిండు" అన్నడు సారు.

"మీరు చెప్పలేదా సార్, పెండ్లయిందని?"

"నేనేడ చెప్పాలె? ఫోనెత్తింది మా కోడలు!"