దొడ్డి తడిక మీద కరెంటు తీగ

మా చెల్లెలు మా ఇంటికి వీధి గుమ్మంలోంచి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఆమె ఇల్లు మా దొడ్డి వెనకే. మధ్యలో ఒక వెదురు తడిక. పొద్దుగూకి దీపాలు పెట్టే వేళకు తడిక తోసుకుని, పిలవకుండా, కనీసం దగ్గకుండా, నేరుగా వంటింట్లోకి వచ్చేసేది. చేతిలో పులుసు గిన్నో, పనసపొట్టు కూరో ఉండేది. మాలో అంతే. వీధిలోంచి వచ్చేవాళ్లు చుట్టాలు, దొడ్లోంచి వచ్చేవాళ్లు మనవాళ్లు. మా ఆవిడ పోయాక, కూర మాట ఎలా ఉన్నా, ఆ తడిక కిర్రుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించేవాణ్ణి.

కిందటేడు మా అబ్బాయి రొయ్యల చెరువు దగ్గర మోటార్లు ఎత్తుకుపోయారు. వెంటనే మా వీధిలోనే ఒకరింట్లో దొంగలు పడ్డారు. మావాడు చెరువు గట్టున కుక్కలు రాకుండా కట్టే తీగ తెచ్చి తడిక పొడుగునా బిగించేశాడు.

“చీకటి పడగానే కరెంటు ఇచ్చేస్తానండి నాన్నా.”

“మీ అత్త వచ్చే దారిరా అది!”

“వీధిలోంచి రమ్మనండి. బెల్లుంది కదా. అయినా అమెరికాలో ఇంట్లోకొచ్చినవాణ్ణి కాల్చి పారేయొచ్చంట, కేసే ఉండదంట. ఇదిగో, వీడియో చూడండి.”

“అమెరికాలో ఏ రాష్ట్రంలోరా?”

“ఏదైతే ఏంటండీ!”

నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణే. కానీ రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో కొన్న చట్టాలు అట్టలూడేదాకా చదివాను. పాత చట్టం పోయి కొత్తది వస్తే అదీ కొన్నాను. వీడు డిగ్రీ చదివి వీడియోలు చూస్తాడు.

అక్కడ రాష్ట్రానికో పద్ధతి అని చెప్పాను. బయట తగాదా వస్తే తప్పుకునే వీలున్నంతవరకు తప్పుకోవాలని కొన్నిచోట్ల అంటారు, సొంతింట్లో ఉన్నవాడికి మాత్రం సాధారణంగా ఆ షరతు పెట్టరు. ఇంగ్లండులో ఇంటివాడికి కాస్త వెసులుబాటు ఇస్తారు, మరీ శ్రుతిమించితే ఊరుకోరు. మన దగ్గర దోపిడీకి దిగినా, ఇంటికి నిప్పు పెట్టినా, పొద్దుగూకి తెల్లారేలోగా ఇల్లు పగలగొట్టి దూరినా, దొంగ చేతిలో ప్రాణం పోతుందని భయపడే కారణం ఉన్నా, ఎదుటివాడి ప్రాణం తీసేదాకా హక్కు వెళ్తుంది. అదీ కాపాడుకోవడానికి ఎంత కావాలో అంతవరకే.

“చెయ్యెత్తినవాడు ఎదుటి మనిషిని చూసి ఆగగలడురా. నీ తీగకి దొంగెవరో మేనత్తెవరో తెలుసా?”

వాడు ఇక కనెక్షన్ ఇవ్వలేదు. తీగ మాత్రం కుక్కల కోసమని అలాగే వదిలేశాడు.

చట్టంలో నేనే గెలిచాను. చెల్లెలు మాత్రం రావడం మానేసింది. ఆ వేళ దొడ్లో మా కేకలన్నీ ఆమెకు వినపడ్డాయట. పొద్దుగూకిన తరవాత వెనకనుంచి దూరేవాడి మీద చట్టానికి కోపం ఎక్కువ. మా చెల్లెలు వచ్చే వేళా అదే. ఆ సంగతి అన్నిసార్లు చదివిన నాకు అంతవరకూ తట్టనేలేదు.

ఫోన్ చేశాను. “కరెంటు లేదే, రా.”

“నువ్వు లేదంటావన్నయ్యా. మీవాడు ఎప్పుడైనా పెడితేనో? ఈ వయసులో తడికకి అంటుకుని చావమంటావా?”

“అయితే వీధిలోంచి రా.”

“బెల్లు కొట్టుకుని రావడానికి నేనేమైనా కరెంటు బిల్లు తెచ్చేదాన్నా?”

దీనికి జవాబు ఏ సెక్షన్లోనూ లేదు. మర్నాడు దీపాల వేళ దొడ్లోకి వెళ్లి, ఆమె పెరట్లో గిన్నెలు కడుగుతుంటే కేకేసి పిలిచి, రెండు చేతులతో తీగ పట్టుకుని నిలబడ్డాను.

“ఇదిగో, చూడవే! బతికే ఉన్నానా?”

“ముసలోడికి మతిపోయింది! ముందు చెయ్యి తియ్యి, తియ్యన్నయ్యా! వస్తాలే, రేపొస్తాలే.”

ఆ రేపు ఇంకా రాలేదు. తడికకి నూనె వేస్తానని మావాడంటే వద్దన్నాను. దీపాల వేళకి కుర్చీ దొడ్డి గుమ్మం దగ్గరికి లాక్కుని, దాని కిర్రుమనే చప్పుడు కోసమే కూర్చుంటున్నాను.