ప్రేమవిందు రోజు ఉపవాసం

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మీ ముందు నిలబడేటంత బలం నా మోకాళ్ళకిచ్చిన ప్రభువుకు స్తోత్రం! నేను నటబువా ఊరి రత్నమ్మను. నా తెలుగు మా ఆజీ, అంటే మా నాన్నమ్మ, ప్రార్థన చేస్తుంటే విని నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే మన్నించండి. నేను చెప్పబోయేది మా ఆయన సామేలుగారి కుడిచెయ్యి సంగతి.

మన ఈ దీవులకు స్వతంత్రం వచ్చిన ఏడాది ఆయన చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేరారు, ఎంత తుప్పు పట్టిన బోల్టయినా ఆ చేతికి లొంగేది. అలాంటి మనిషికి చెరుకు ఆడే రోజుల్లో మిల్లులోనే పక్షవాతం వచ్చింది, కుడిపక్కంతా పడిపోయింది. నెమ్మదిగా కాలు కొంచెం నిలదొక్కుకుంది గాని చెయ్యి మాత్రం రాలేదు. అప్పుడు మన సంఘమంతా మా ఇంటికి వచ్చి చాపలమీద కూర్చుని కన్నీళ్ళతో ప్రార్థన చేసింది, నిజంగానే, దేవునికే మహిమ, ఆ వేళ్ళు కదిలాయి, చెయ్యి భుజందాకా లేచింది! ఆ ఆదివారమే ఆయన ఇదిగో ఇక్కడే నిలబడి చెయ్యెత్తి సాక్ష్యం చెప్పారు, మీరు కొట్టిన చప్పట్లకు రేకులు అదిరాయి!

కాని నాలుగు వానలు పడకముందే ఆ చెయ్యి మళ్ళీ పడిపోయింది. అదే మా చీకటి కాలం సహోదరులారా, జబ్బుకంటే ఆ దాపరికమే మమ్మల్ని ఎక్కువ తినేసింది. దేవుడు బాగుచేశాడని సంఘంలో చెప్పిన నోటితో బాగులేదని ఎలా చెప్పడం, చెబితే దేవుని పేరు పోదా అని ఆయన కుమిలిపోయారు. చొక్కా బొత్తాల సందున బొటనవేలు దూర్చి చెయ్యి నిలబెట్టుకుని గుడికి వచ్చేవారు. ఇంట్లో నేను అన్నం కలిపి ముద్దలు పెడితే తినేవారు, ఎడమచేత్తో నలుగురిలో తినడానికి ప్రాణం ఒప్పేది కాదు, అందుకని ఆరాధనయ్యాక మనమంతా కలిసి తినే ప్రేమవిందు ఉన్న ప్రతి ఆదివారం ఉపవాసమని చెప్పి బయట మామిడిచెట్టు కింద కూర్చునేవారు. మీరేమో సామేలన్న ఎంత ప్రార్థనాపరుడో అని పొగిడేవారు, ఆ పొగడ్త వింటూ నేను పప్పన్నం మింగలేక మింగేదాన్ని.

ఇక మాకు మిగిలిన దారి మిల్లు ఫండ్ ఒక్కటే, మనలో చాలామందికి దాని సంగతి సరిగ్గా తెలియదు కనుక చెబుతున్నాను. మిల్లువాళ్ళు మన జీతంలోంచి నెలనెలా కొంత కోసి, తమది కొంత కలిపి ప్రావిడెంట్ ఫండ్‌లో కడతారు, అది యాభై అయిదు నిండితేగాని చేతికి రాదు, అయితే ఈ మనిషి ఇక పని చెయ్యలేడని డాక్టర్లు చూసి తేలిస్తే ముందే ఇస్తారు. అది భిక్ష కాదు, మన చెమటే. నేను బతిమాలి బతిమాలి ఆయన్ని డాక్టర్ల దగ్గరకు తీసుకెళ్ళాను. డాక్టరు మంచివాడే, మెత్తగా, “హాథ్ ఉఠావో భయ్యా,” చెయ్యి ఎత్తు అన్నాడు. మా ఆయన పళ్ళు బిగించి, ఒళ్ళంతా పక్కకు వంచి, భుజంతో ఆ చేతిని పైకి విసిరారు! “హమ్ ఠీక్ హై డాక్టర్ సాబ్, యేసయ్య బాగు చేసేసినాడు,” అన్నారు. నేను పక్కనే ఉన్నాను, నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దన్నారు.

డాక్టరేం చేస్తాడు? తేలిక పని చెయ్యగలడని రాశాడు. మిల్లులో ఒంటిచేతి మనిషికిచ్చే తేలిక పని లేదు. ఇటు జీతమూ పోయింది, అటు ఫండూ రాలేదు, మా బతుకు రెంటికి చెడ్డ రేవడి అయింది. నేను రోటీలు చేసి బస్ స్టాండులో పార్సిళ్ళు అమ్మాను. ఆయన మాత్రం రోజురోజుకూ మాటలు మానేశారు, ప్రార్థన కూడా మానేశారు. అది చూసి నాకు భయం వేసింది. ఒక రోజు పొయ్యి ముందే మోకరించి, “తండ్రీ, ఆయన చెయ్యి ఎత్తు, అది నీ చిత్తం కాకపోతే ఆయన నోరన్నా విప్పు, ఈ మనిషి అబద్ధంలో చచ్చిపోకూడదయ్యా,” అని ఏడ్చాను.

ఆ నెల ప్రేమవిందు ఆదివారం, పాస్టరుగారు ఆహారం కోసం ప్రార్థన చెయ్యబోతుండగా ఆయన లేచి నిలబడ్డారు. బొత్తాల్లోంచి వేలు తీసేశారు, చెయ్యి జారి పక్కన పడింది. “భాయ్ లోగ్, నా చెయ్యి మళ్ళీ ఖరాబ్ అయిపోయింది. ఉపవాసం లేదు, ఏం లేదు. నాకు ఆకలి భయ్యా, భూక్ లగే,” అన్నారు. సహోదరులారా, అప్పుడు పాస్టరుగారు దిగివచ్చి, చాపమీద ఆయన పక్కన కూర్చుని, అన్నం కలిపి మొదటి ముద్ద ఆయన నోట్లో పెట్టారు! ఆయన నమల్లేక నమల్లేక ఏడ్చారు, నేనూ ఏడ్చాను, మీరూ ఏడ్చారు. చెయ్యి లేవలేదు గాని నా ప్రార్థనలో రెండో మాట దేవుడు విన్నాడు!

పాస్టరుగారే వెంట ఉండి మళ్ళీ డాక్టర్ల దగ్గరకు తీసుకెళ్ళారు. ఈసారి ఎత్తమంటే ఆయన, “నై సక్తా సాబ్, నా వల్ల కాదు,” అన్నారు. అంతే! ఫండ్ మంజూరైంది, ఆయన ఆ డబ్బు ఒక్కసారే తీసుకోకుండా, నేను బతికినంత కాలం నాకూ వచ్చేటట్టు నా పేరు కలిపి పింఛను పెట్టించుకున్నారు. కాని ఎక్కువ కాలం తినలేదు ఆ మనిషి. మామిళ్ళు పండేవేళకు రెండోసారి పక్షవాతం వచ్చి ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. ముందే నోరు విప్పి ఉంటే ఇంకొన్నాళ్ళు నలుగురితో కలిసి తినేవారు గదా అని నాకు ఈనాటికీ బాధే, అది మీ దగ్గర దాచను.

అయినా ఆయన అబద్ధంలో పోలేదు, ఆకలితో పోలేదు, అందుకు దేవునికే మహిమ! ఈనాడు నేను తినే ప్రతి ముద్దా ఆయన ఆ రోజు డాక్టరుతో ‘నా వల్ల కాదు’ అన్న మాటవల్ల వచ్చిందే. ఇక్కడ బాగులేని ఒళ్ళును బాగుందని మోస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మన దేవుడు మీ ఒంట్లోని లోటుకు చిన్నబోయేవాడు కాదు, ఆయన్ని నమ్మి నిజం చెప్పండి. ఈ వేళ కూడా ప్రేమవిందు ఉంది. ఎవరైనా మామిడిచెట్టు కిందికి వెళ్ళబోతుంటే, వెళ్ళకండి, నా పక్కకు వచ్చి కూర్చోండి, అన్నం నేను కలిపి పెడతాను.