వెనక సీటు బరువు

మా పెదనాయన పోయిన కబురు నాకు బడిలో ప్రార్థన జరుగుతుండగా అందింది. ఫోన్ చేసింది ఆయన కొడుకు, మా అన్న. "నాయన పోయినాడు పాపా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. పిల్లలను తోటి టీచరుకు అప్పజెప్పి, కొనకనమిట్ల వైపున్న మా బడి నుంచి మార్కాపురానికి నా మోటారు సైకిల్ మీదే వెళ్లాను. పొద్దున టీ తాగి, తన బండి తుడిచి, ఆ గుడ్డ భుజాన వేసుకుని కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది ఆయనకు.

నేను చేరేసరికి ఇంటిముందు జనం. బండిని గోడవారకు నెట్టేసి, దాని అద్దానికి పూలదండల సంచి తగిలించారు. సీటు మీద ఎవరివో తువ్వాళ్లు. దూరపు చుట్టం ఒకాయన, వరసకు మామ, దానివైపు చెయ్యి చూపిస్తూ, "ఆ బండే తినింది మనిషిని. ఈ వయసులో బండి మీద ఊళ్లు తిరిగేదేంది?" అంటున్నాడు. నేను ఆ సంచి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మామా, ఆగింది ఆయన గుండె. బండి కాదు. అది నిన్న గూడా ఆయన్ను తర్లుపాడు దాకా తీసుకపోయి తీసుకొచ్చింది."

ఏడవాల్సిన చోట పోట్లాట పెట్టుకున్నానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతోంది. దెప్పనీ. మనిషి మంచోడే గానీ బండి పిచ్చోడు అని ఆ రోజు కనీసం పదిమంది అన్నారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ పదిమందికి జవాబుగానే. మీరు ఆయన్ను ఎరగరు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మీలో ఒక వయసు దాటినవాళ్లు అక్షరాలు దిద్దిన పలక బహుశా మా మార్కాపురానిదే అయివుంటుంది. పెదనాయన ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చి, కోసి, లారీలకు ఎత్తించే పని చేశాడు. మా అన్న పుట్టిన ఏడాది ఎవరి దగ్గరో వాడిన బండి ఒకటి కొన్నాడు. నల్లది, మూడు వందల యాభై సీసీ, కిక్కు కొడితే తప్ప స్టార్టు కాదు. ఏటా పని తగ్గిన రోజుల్లో ఆ బండి మీద పెద్దమ్మను ఎక్కించుకుని అహోబిలమని, హంపి అని బయలుదేరేవాడు. ఒకసారి రామేశ్వరం దాకా పోయి వచ్చారు. పెద్దమ్మది వెలిగండ్ల దగ్గర గొర్రెలు కాచే ఇల్లు. అంతంత దూరం భయం కాదా అని అడిగితే, "గొర్రెల వెంట తిరిగిన కాళ్లు నాయి. కూర్చోబెట్టి తిప్పుతానంటే వద్దంటానా?" అనేది. పుట్టింటి నల్ల గొంగళి మడత పెట్టి సీటు మీద వేసుకుని కూర్చునేది.

కిక్కు కొట్టేముందు పెదనాయన వెనక్కి తిరక్కుండానే, "కొంగు?" అని అడిగేవాడు. చీర కొంగు చక్రంలో పడకుండా. "సర్దుకున్నా, పోనీ" అనేది పెద్దమ్మ. పక్కవీధికి పోయినా, పక్క రాష్ట్రానికి పోయినా ఈ రెండు మాటలు అయితేనే బండి కదిలేది. చిన్నప్పుడు పెట్రోలు ట్యాంకు మీద కూర్చునే మా అన్న కూడా వాటిని వింటూనే పెరిగాడు.

కొత్తగా దూరప్రయాణాల బళ్లు, టూరింగ్ బళ్లు అంటారే, అవి షోరూముల్లోకి రావడం మొదలయ్యాక పెదనాయనకు కొత్త పని దొరికింది. మార్కాపురమైనా, గిద్దలూరైనా, ఒంగోలైనా, అలాంటి బండి ఏది వచ్చినా టెస్ట్ రైడుకు పోవాల్సిందే. కొనడానికి కాదు, తన బండితో పోల్చుకోవడానికి. మొదటిసారి షోరూం అతను ఆయనకు ఇంజను గురించి అంతా చెప్పి తాళం చేతికిస్తే పెద్దమ్మ అడ్డం పడింది. "ముందు సీటు ఈయనకు, వెనక సీటు నాకు గదా. నన్నేమీ అడగవేంది అబ్బాయా?" అని, తానూ ఎక్కి తిరిగొచ్చి, "పీట మీద కూర్చోబెట్టి గుట్ట ఎక్కించినట్టుండాది" అని తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచీ అదే ఆయన పద్ధతి అయిపోయింది. ఇద్దరు పోయే బండిని ఒక్కడు తోలి చూస్తే సగమే చూసినట్టు అనేవాడు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ముందు మనది, తర్వాత వాళ్లది, మళ్లీ మనది. ఒకే రోజు, ఒకే దారిన, ఒకే బరువుతో. "కొత్తది ఎక్కినప్పుడు ఏం తెలస్తాది పాపా, అంతా బాగనే ఉంటాది. మళ్లా మనది ఎక్కినప్పుడు తెలస్తాది అసలు సంగతి" అని నాకు చాలాసార్లు చెప్పాడు. తిరిగొచ్చాక ఒక పలక తీసి, మధ్యన నిలువుగీత గీసి, ఒక పక్క 'వాళ్లది', ఒక పక్క 'మనది' అని రాసేవాడు. కింద అయిదు వరసలు: నడుము, చేతులు, గతుకులు, మలుపు, బ్రేకు. ఏ బండి మేలైతే ఆ పక్కన సుద్దతో టిక్కు. తర్వాతి టెస్ట్ రైడు దాకా దాన్ని ఎవరూ చెరపకూడదు.

ఏళ్లు గడిచేకొద్దీ 'మనది' పక్కన టిక్కులు తగ్గుతూ వచ్చాయి. ఆయన ఎన్నడూ దొంగ టిక్కు పెట్టలేదు. ఒకసారి నాకే మనసొప్పక, "బ్రేకు మనదే బాగుంది పెదనాయనా, అక్కడన్నా పెట్టు" అన్నాను. నా వైపు ఎగాదిగా చూసి, "నీ బడిలో నీ చుట్టం బిడ్డకు ఇట్లనే మార్కులేస్తావా?" అన్నాడు. తర్వాత ఆయన అన్న మాట నేను మరిచిపోలేదు. "గెలిచినదాన్ని గెలిచిందని రాయాల. ఓడినదాన్ని ఇంటికి తోలుకోవాల."

తొమ్మిదేళ్ల కిందట పెద్దమ్మ పోయింది. ఏడాది పాటు ఆయన ఏ షోరూం మెట్టూ ఎక్కలేదు. ఆ తర్వాత ఒకరోజు పలకలు రెండు గోతాల్లో నింపుకుని, మిరపకాయలు తూచే కాటా దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఒక పలక తీస్తాడు, ఇంకొకటి వేస్తాడు. ముల్లు యాభై రెండు కిలోల దగ్గర నిలిచేదాకా ఊరుకోలేదు. ఆసుపత్రి చీటీలో పెద్దమ్మ బరువు యాభై రెండు అని ఉండేదని నాకు తెలుసు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గొంగళి సీటు మీద పరిచి, గోతాలు చెరో పక్కకు వేలాడేట్టు తాడుతో కట్టాడు.

మొదటిసారి మాత్రం పప్పులో కాలేశాడు. లారీలో పలకలను నిలబెట్టి పేర్చడం ఆయనకు చేతి అలవాటు. గోతాల్లోనూ అట్లాగే నిలబెట్టాడు. కంభం దారిలో గతుకులకు అవి ఒకదానికొకటి కొట్టుకుని పగిలి, బరువంతా ఒక పక్కకు జారి, మలుపులో బండి ఆయన్ను చేలోకి దించింది. మోకాలు దోక్కుపోయి కుంటుతూ వచ్చి, "మీ పెద్దమ్మ నన్ను ఎప్పుడూ పడెయ్యలా. ఈ రాయి పడేసింది" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. మర్నాడు పలకలను పడుకోబెట్టి, మధ్యలో వరిగడ్డి వేసి కట్టాడు. తర్వాత ఎన్నడూ పడలేదు.

అప్పటినుంచి ఎక్కడికి పోయినా ఆ మూట షోరూం బండి మీదకు మారాల్సిందే. ఊరంతా నవ్వింది. మా అన్నకయితే తలకొట్టేసినట్టుండేది. గిద్దలూరులో ఇనుము దుకాణం పెట్టుకుని నలుగురిలో తిరిగే మనిషి కదా. "నాయన రాళ్లు మోసుకోని తిరగతాండాడు, నువ్వన్నా చెప్పు" అని నాతో మొత్తుకునేవాడు. ఆ రాళ్లు ఏమిటో వాడికి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. తండ్రే చెప్పని మాట నేనెట్లా చెప్పేది? కానీ ఒక సంగతి నేను చెవులారా విన్నాను. కిక్కు కొట్టేముందు, ఆ మూటతోనూ, పెదనాయన మెల్లగా "కొంగు?" అని అడిగేవాడు.

ఒంగోలులో ఒక షోరూం మేనేజరు ఒకసారి విసుక్కున్నాడు. "సార్, మీరు ఎన్ని బళ్లు తోలినా కొనరు గదా. మాకెందుకీ శ్రమ?" పెదనాయన ఏమాత్రం తగ్గలేదు. "పెళ్లిచూపులకు వచ్చినోళ్లంతా తాళి కడతారా నాయనా? కాఫీ ఇచ్చి పంపియ్యరా?" అన్నాడు. మేనేజరు నవ్వాపుకోలేక తాళాలతోపాటు కాఫీ కూడా ఇచ్చాడు.

నాకు బండి నేర్పింది ఆయనే. ఉద్యోగం వచ్చిన ఊరికి బస్సు సరిగ్గా లేక, నేను మోటారు సైకిల్ కొంటానంటే మా నాయన మూడు రోజులు మాట్లాడలేదు. షోరూంలో అతను నన్ను వదిలేసి పెదనాయనతో, "మేడమ్‌కు కాళ్లు ఆనతాయా సార్? స్కూటీ చూపిస్తా" అన్నాడు. "కాళ్లు ఆమెవి. నన్నడగతావేంది?" అన్నాడు పెదనాయన. నేను కొన్నది చిన్నపాటి టూరింగ్ బండి. తెచ్చిన రోజే పరీక్ష పెట్టి, అయిదు వరసల్లో నాలుగు నా బండికే ఇచ్చాడు. నాలో ఈ మొండితనం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఆయన్నే చూపిస్తాను.

ఇక ఆయన పోయిన తర్వాతి సంగతి. పెద్దకర్మ లోపల ఆ బండిని పాతబళ్ల కింద మార్చేసి కొత్త టూరింగ్ బండి తీసుకుందామని మా అన్న నిర్ణయించాడు. వాడేమీ చెడ్డవాడు కాదు. "నాయన గుర్తుకు నడిచే బండి ఉండాల గానీ, ఈ ఇనుమెందుకు పాపా?" అన్నాడు. పోయినవాళ్ల బండి ఇంట్లో ఉంచుకోకూడదని పెద్దలు వంత పాడారు. నాకు కడుపు మండింది. వాడు కొడుకు, బండి వాడిది, కాదనే హక్కు నాకు లేదు. అయినా ఒకటి అడిగాను. "మార్చుకో అన్నా. ముందు ఆయన పద్ధతిలో పోల్చు. మనది, వాళ్లది, మళ్లా మనది. వెనక మూటతో."

మైల ఇంటి ఆడపిల్ల బండెక్కి ఊరేగుతుందా అన్నారు. ఎక్కాను. తొమ్మిదో రోజు పొద్దున పెదనాయన బండికి ఆ మూట కట్టుకుని, మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు షోరూముకు పోయాను. ఆ దారితో మొదటి వంతు అయిపోయిందని సరిపెట్టుకోలేదు. గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి, నల్లమల ఘాటులో నాలుగు మలుపులు ఎక్కి దిగివచ్చాను. తర్వాత మూట మార్చి కొత్తబండి మీద అదే దారి. ఏమని చెప్పను, అది పూలపల్లకి. గతుకు తెలియలేదు, మలుపులో చెప్పిన మాట విన్నది, బ్రేకు వేస్తే వేసిన చోట నిలిచింది. దిగి, సంచిలోంచి పలక తీసి రాశాను. నడుము వాళ్లది. చేతులు వాళ్లవి. గతుకులు, మలుపు, బ్రేకు కూడా వాళ్లవే. దొంగ టిక్కు పెట్టాలని ఎంత కోరిక కలిగిందో ఆ దేవుడికే తెలుసు.

షోరూం దగ్గర ఎదురుచూస్తున్న మా అన్న పలక చూసి, "అయిదుకు అయిదు. ఇంకేముంది మరి?" అన్నాడు.

"గెలిచింది. గెలిచిందనే రాసినా. మళ్లా మనది తోలేది మిగిలింది. మూట మార్చు."

వాడు తాళ్లు విప్పి, రెండు గోతాలనూ రెండు చేతులతో గుండెకు హత్తుకుని లేపాడు. వాటిని ఎత్తడం వాడికి అదే మొదటిసారి. రెండడుగులు వేసి, "ఇంత బరువు మోస్తాండెనా నాయన! ఎంతుంటాదిది?" అన్నాడు.

ఇక దాచడం నావల్ల కాలేదు. "యాభై రెండు కిలోలు. పెద్దమ్మ బరువన్నా అది. ఎనిమిదేళ్లుగా ఆయన తిప్పింది రాళ్లను కాదు."

మా అన్న అక్కడే నిలబడిపోయాడు. మూట దించలేదు. షోరూం అతను సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపాడు. పాతబండి దగ్గరికి తనే మోసుకెళ్లి, గొంగళి సరిచేసి, గోతాలు మెల్లగా సీటు మీదకు దించి, ఒకటికి రెండుసార్లు ముడి వేశాడు. గొంగళి అంచు ఒకటి చక్రం వైపు జారి ఉంది. వంగి, దాన్ని పైకి తీసి మూట కింద దోపాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

నేను ఎక్కి కూర్చుని కిక్కు మీద కాలు పెట్టాను. అప్పుడు వెనక నుంచి మా అన్న గొంతు, అచ్చం వాళ్ల నాయన గొంతు, మెల్లగా అడిగింది.

"కొంగు?"

"సర్దుకునింది" అన్నాను. "ఇంటికి పోతాండాం."

మూడో కిక్కుకు బండి అందుకుంది. గేటు దాటుతూ అద్దంలో చూస్తే, అయిదూ ఓడిన పలకను ఛాతీకి ఆనించుకుని, సుద్ద చెరగకుండా రెండు చేతులతో అంచులు మాత్రమే పట్టుకుని మా అన్న నిలబడి ఉన్నాడు.