కనుమ దాకా ఒకే మాట

బహ్రెయిన్‌లో కొండలు లేవని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఒకటుంది. ఎడారి మధ్యలో, నూనె గొట్టాల పక్కన, ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన మట్టి పారబోసి మరిచిపోయినట్టు ఉంటుంది. మిగతా దేశమంతా అప్పడం. అప్పడమైనా వేయిస్తే పొంగుతుంది. ఎండాకాలం అంతగా వేయించినా ఈ నేల మాత్రం పొంగదు. మనామాలో నేను జమాఖర్చులు రాసుకునే ఆఫీసు ఉన్నచోట ఒకప్పుడు సముద్రమట. అంటే ఇన్నేళ్ళుగా చేపల స్థలంలో కూర్చుని జీతం తీసుకుంటున్నాను. ఇలాంటి మహోన్నత స్థానానికి అలవాటుపడ్డ శరీరాన్ని తీసుకెళ్ళి హిమాలయాల మీద పెట్టాలన్న ఆలోచన మా ఆవిడకి వచ్చింది.

వచ్చింది కూడా ఎక్కడ? మోకాళ్ళ డాక్టరు గదిలో. మా ఆవిడ లెక్కల టీచరు. నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ, పిల్లలకి లెక్కలు వచ్చాయో లేదో గాని, ఆవిడ మోకాళ్ళు అరిగాయి. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి, ఇంకో ఏడాదో రెండేళ్ళో, ఆ తర్వాత మార్చక తప్పదన్నాడు. ఆయన వెనక గోడకి మందుల కంపెనీవాళ్ళ క్యాలెండరు. దాని మీద మంచుకొండలు, రెండు కొండల నడుమ కనుమ, కనుమ మీద రంగురంగుల జెండాలు. నడవలేనివాళ్ళు కూర్చునే గదిలో ఆ బొమ్మ తగిలించినవాడి హాస్యం ముందు నాది ఎందుకూ కొరగాదు. మా ఆవిడ ఎక్స్‌రే వంక చూడనైనా చూడలేదు.

"మార్చేలోపు నా సొంత మోకాళ్ళతో అది దాటొస్తాను," అంది, క్యాలెండరు చూస్తూ.

డాక్టరు వద్దంటాడని కొండంత ఆశ పెట్టుకున్నాను. ఆయన మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని, రెండు చేతి కర్రలు పట్టుకుని, మెల్లగా అయితే వెళ్ళొచ్చన్నాడు. తర్వాత నా పొట్టని కాసేపు పరిశీలించి, మీవారి సంగతే ఆలోచించాలి అన్నాడు.

ఇంటికొస్తూ దారిలో శాస్త్రం తీశాను. కనుమ నాడు కాకైనా కదలదని పెద్దలన్నారు కదా, అలాంటిది సాక్షాత్తూ కనుమ మీదికే బయల్దేరడం ఏం శ్రేయస్కరం అన్నాను.

"అది పండగ కనుమండీ. పైగా కదలనిది కాకి. మీరు ఏనుగు," అంది.

శాస్త్రం అక్కడితో ఆగిపోయి సాధన మొదలైంది. హూరా పేటలో మా బిల్డింగుకి లిఫ్టు ఉంది గాని, అది వీసా ఇచ్చిన కఫీల్ సంతకం లాంటిది. ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి మెట్లే మా హిమాలయం. వీపు సంచుల్లో సోనామసూరి బియ్యం నింపుకుని పొద్దున్నే పైకీ కిందికీ తిరిగేవాళ్ళం. మేము ఇల్లు ఖాళీ చేస్తున్నామని రెండు రోజుల్లో బిల్డింగంతా పాకింది. ఎదురింటి మలయాళీ ఆవిడ మా ఫ్రిజ్ ఎవరికిస్తున్నారో కనుక్కుంది. పై అంతస్తు ఆయన టేపు పట్టుకొచ్చి మా సోఫా కొలుచుకుని వెళ్ళాడు. వారం తిరిగేసరికి మా వాషింగ్ మెషీన్‌కి ఇద్దరు వారసులు తేలి, వాళ్ళిద్దరికీ మాటల్లేకుండా పోయాయి.

ఒక శుక్రవారం అసలు కొండ మీదే సాధన చేద్దామనుకున్నాం. బిల్డింగు పనుల్లో ఫోర్‌మన్‌గా ఉన్న నిజామాబాద్ మిత్రుడొకడు తన పికప్‌లో తీసుకెళ్ళాడు. కొండ కదా అని పాపం నీళ్ళ క్యాన్లు, గ్లూకోజు, తాడు, పులిహోర అన్నీ సర్దుకొచ్చాడు. ఎక్కుతూ ఆఫీసులో జరిగిన సంగతొకటి మొదలుపెట్టాను. సంగతి సగంలో ఉండగానే కొండ అయిపోయింది. మిత్రుడు నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు వైపులా చూశాడు. ఇంకా పైకి దారి ఎటో అని వెతికినట్టున్నాడు.

"గిదేనానే గుట్ట? మా ఊర్ల రోడ్డుకు పోసిన కంకర కుప్ప గింతకన్న పెద్దగుంటది," అన్నాడు. పులిహోర డబ్బా మూత తీస్తూ అసలు బోధ చేశాడు. "గంత దూరం పోయి సలికి సచ్చుడెందుకన్నా. ఏసీ పదారు మీద పెట్టుకో, నిండా కంబలి కప్పుకో. గదే హిమాలయం. వదినమ్మకు జెప్పు."

నా జీవితంలో విన్న అత్యుత్తమ వేదాంతం అదే. వదినమ్మకు చెప్పాను కూడా. ఆవిడ అప్పటికే జీతం లేని సెలవుకి అర్జీ పెట్టేసింది. నా అర్జీ కూడా ఆవిడే రాసి ఉంచింది, సంతకం ఒక్కటే తక్కువ.

నేపాల్‌లో రోడ్డు అయిపోయినచోట మా గైడు కలిశాడు. బక్కపల్చటి మనిషి. నన్ను కుంగదీసే సంచిని ఒంటిభుజానికి తగిలించుకుని ఈల వేసేవాడు. బయల్దేరేముందు ఒకే ఒక్క నియమం చెప్పాడు. మీరిద్దరు, నేనొక్కణ్ణి, కొండల్లో ఎవరినీ ఒంటరిగా వదలను, ఒకరు వెనక్కి తిరిగితే ముగ్గురమూ తిరగాల్సిందే అన్నాడు. ఆ మాట విని మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. పరీక్షకి ముందు వెనక బెంచీ పిల్లవాణ్ణి టీచర్లు చూసే చూపు. ఆవిడ కనుమ ఆవిడ మోకాళ్ళ చేతిలో లేదనీ, నా ఊపిరితిత్తుల చేతిలో ఉందనీ ఇద్దరికీ అప్పుడే తెలిసిపోయింది.

మొదటి ఊళ్ళో భోజనం దగ్గర చిత్రం జరిగింది. అన్నం, పప్పు, ఆవాకుల కూర, బంగాళాదుంపలు. ఇంటావిడ పళ్ళెం నింపింది. చలికి రెండు చేతులూ దుప్పట్లోంచి బయటికి తీయలేక నోటితోనే చాలు, చాలు అన్నాను. ఇంకో గరిటెడు వేసింది. నేనెంత దీనంగా చాలు అంటే అంత పెద్ద గరిటె పడుతోంది. మా గోదావరి పెళ్ళిళ్ళలో కొసరి కొసరి వడ్డించి మనుషుల్ని చంపడం చూశాను గాని, ఇంత నిర్దయగా ఎవరూ చంపలేదు. హిమాలయాల ఆతిథ్యం అనన్యసామాన్యమని బహ్రెయిన్‌లో ఉన్న మిత్రులందరికీ సందేశం పంపాను, పడుకునే, ఎందుకంటే కూర్చునే పరిస్థితి లేదు.

మర్నాడు రాతి మెట్లు వచ్చాయి. ఆ మెట్లు కట్టినవాడు కింద మొదలుపెట్టి, నాకు తెలిసి, ఇంకా పైన ఎక్కడో కడుతూనే ఉన్నాడు. ఊపిరాడని మనిషికి పరాయి భాషలు అందవు. ఆఫీసు ఇంగ్లీషు మొదటి మలుపులో రాలిపోయింది, గల్ఫులో కూడబెట్టుకున్న హిందీ రెండో మలుపులో. అమ్మ నేర్పిన ఒక్క మాట మిగిలింది. ముందు వెళ్తున్న గైడు వెనక్కొచ్చి ఎలా ఉన్నారని అడిగితే, రాయికి చేరగిలబడి, "చాలు," అన్నాను. అతని మొహం వెలిగిపోయింది.

"చాలూ?" అని మెచ్చుకోలుగా నా భుజం తట్టి, చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయాడు.

ఇదే వరస రోజూ, వారాల తరబడి. నేను చాలంటాను, అతను లాగుతాడు. మరీ గట్టిగా చాలు అన్నానా, దాదాపు పరిగెత్తిస్తాడు. ఇంతటి క్రూరుడు దేవుడి గుడి కనబడ్డప్పుడల్లా ఎలా దండం పెడుతున్నాడా అనుకునేవాణ్ణి. సాయంత్రాలు బట్టల క్లిప్పులాంటి యంత్రమొకటి నా వేలికి తగిలించి, అంకెలు చూసి, అంతా భేషుగ్గా ఉందనేవాడు. నేను చనిపోయి రెండు మజిలీలైందని ఆ యంత్రానికి తెలీదు.

ఊళ్ళు మాత్రం ఒకదాన్ని మించి ఒకటి అందంగా ఉండేవని మా ఆవిడ అంటుంది. నేను చూసినంతవరకు ప్రతి ఊరూ కిందినుంచి దగ్గరగా కనబడేది, ఎక్కుతుంటే పైకి జరిగేది. ఇళ్ళ కప్పుల మీద మొక్కజొన్న కంకులు, గోడలకి జడలబర్రె పిడకలు. మా ఇళ్ళలో అందరూ మానేసిన పిడకల కోసం విమానమెక్కి ఇంతదూరం వచ్చామన్నమాట. చలికి మేము మోసుకెళ్ళిన ఆవకాయ నూనె పేరుకుని జాడీ కాస్తా కొవ్వొత్తి అయింది. దాన్ని పొయ్యి పక్కన చంటిపిల్లలా పడుకోబెట్టి కరిగించుకునేవాళ్ళం. ఒక ఇంటావిడ కొంచెం రుచి చూసి, చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడి, తర్వాత ఇంకాస్త పెట్టమని చెయ్యి చాపింది. ఆంధ్రుల దిగ్విజయాల్లో దాన్ని ఎవరైనా చేర్చాలి.

ఎక్కుడులో మా ఆవిడ ముందు, గైడు పక్కన, నేను వేరే జిల్లాలో. వాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పోయేవారు. ఆ కబుర్లు నాదాకా రాకుండానే గాలి తినేసేది. దిగుడులో మాత్రం ఆవిడ వెనకబడేది. ఒక్కో రాయి మీదికి పక్కవాటుగా తిరిగి, పళ్ళు బిగించి దిగేది. ఆగుదామా అని అడిగితే, "మీరు ముందు నడవండి, నా కాళ్ళు నేను చూసుకుంటాను," అనేది. రాత్రికి పట్టీలు విప్పితే మోకాళ్ళు రెండు కొబ్బరిబోండాలు. నేను చూడకుండా దుప్పటి కప్పేసేది.

కనుమకి ముందు ఆఖరి ఊరు చేరాం. చీకటి పడకముందే వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చున్నాం. గైడు ఇంటావిడకి నన్ను చూపించి, హిందీలో, నాక్కూడా అర్థమవ్వాలనే కాబోలు, నా ఘనత వర్ణించడం మొదలుపెట్టాడు. ఎంతోమందిని తీసుకొచ్చాను గాని ఈ సాబ్ లాంటివాణ్ణి చూడలేదు. మొహం చూస్తే శవం, నోరు తెరిస్తే చాలూ. అన్నం దగ్గర చాలూ, ఎక్కుడు దగ్గర చాలూ. కానియ్, ఆపకు, పోదాం పద అంటూనే ఉంటాడు, ఏం గుండె, అన్నాడు.

ఇన్నాళ్ళుగా నేను తెలుగులో ఇక ఆపమని ప్రాణాలు అరచేత పెట్టుకుని బతిమాలుతుంటే, అది హిందీలో కానిమ్మని ఆజ్ఞాపించడమైంది. ఎవరినీ అనడానికి లేదు. నా గోతిని నేను రోజూ నా మాతృభాషతో తవ్వుకున్నాను.

తల తిప్పి మా ఆవిడని చూశాను. టీ గ్లాసులోకి ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజు అన్నం దగ్గరే."

"మరి చెప్పలేదే?"

"చెబితే ఆగిపోతారు కదండీ," అంది. తల మాత్రం ఎత్తలేదు.

గైడు మా మొహాలు చూసి ఏదో తేడా ఉందనుకున్నాడు. మరి ఆగాలంటే నేనేమనాలని అడిగాను. మీకు తెలియని మాటా సాబ్ అని నవ్వాడు. తను నాలుగేళ్ళు మనామాలోనే బిల్డింగులకి పరంజా కట్టాడట. మేడమ్‌కి ఎప్పుడో చెప్పానన్నాడు. మేడమ్ గ్లాసులో మరింత లోతుకి వెళ్ళింది.

"అక్కడ ఫోర్‌మన్ ఖలాస్ అంటేనే పరంజా దిగేవాళ్ళం. మీరు ఖలాస్ అనండి, అక్కడికక్కడే తిప్పేస్తాను," అన్నాడు.

వెలుతురు రాగానే బయల్దేరాం. ఆ రోజు నేను చాలా ధనికుణ్ణి. పాస్‌పోర్టు పోయినవాడికి రాయబార కార్యాలయం దొరికినట్టు, నా దగ్గర ఇప్పుడు ఖలాస్ ఉంది. పక్కనున్నవాళ్ళంతా మనుషులూ, నేనొక్కణ్ణే గంగిరెద్దూ అన్నట్టు తల ఊపుకుంటూ ఎక్కుతున్నాను. నాలుగడుగులు వెయ్యడం, నాలుగు తరాల పెద్దల్ని తలుచుకోవడం. గాలిలో గాలి లేదు. కనుమ కింద రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నన్ను సంప్రదించకుండానే కూర్చున్నాయి.

గైడు దిగొచ్చాడు. నా ఎదురుగా గొంతుక్కూర్చుని, మొదటిసారి మెల్లగా అడిగాడు.

"సాబ్, ఖలాస్?"

ఆ మాట ఎంత తియ్యగా ఉందో రాయలేను. మనామాలో గురువారం సాయంత్రం ఆఫీసుకి తాళం వేస్తూ అనుకునే మాట అది. దాన్ని నోట్లోంచి వదిలితే ముగ్గురం కిందికి. పొయ్యి దగ్గరికి, అక్కణ్ణించి రోడ్డుకి, అక్కణ్ణించి హూరాకి, రాని లిఫ్టుకి, పదహారు మీద పెట్టిన ఏసీకి.

పైకి చూశాను. మా ఆవిడ ఆగింది. వెనక్కి తిరగలేదు. రెండు కర్రలూ రాళ్ళలో గుచ్చి, వీపు నావైపు పెట్టి నిలబడింది. వినబడేంత దూరంలోనే ఉంది. ఒక కాలి మీద బరువు మోపలేక రెండో కాలి మీదికీ, మళ్ళీ ఆ కాలి మీదికీ మార్చుకుంటోంది.

"చాలు," అన్నాను.

గైడు నా మొహంలోకి అనుమానంగా చూశాడు. రాత్రి మా ఆవిడ మీద నా విచారణ సగం అతనికీ అర్థమైనట్టుంది.

"చాలు, కి చాలూ?" అన్నాడు, మీ భాషదా, హిందీదా అన్నట్టు.

"చాలూ," అన్నాను, ఈసారి స్వచ్ఛమైన హిందీలో.

పైన కర్రల చప్పుడు మళ్ళీ మొదలైంది.

కనుమ మీద క్యాలెండరులో చెప్పనిది ఒక్కటే, గాలి. జెండాలు రెపరెపలాడటం కాదు, తిట్టుకుంటున్నాయి. రాళ్ళగుట్ట మీద ఒక కాకి ఉంది. పసుపు ముక్కు, నల్లటి ఒళ్ళు. మేము అంత దగ్గరికి వచ్చినా కదలలేదు. పెద్దలు అబద్ధం చెప్పరు.

మా ఆవిడ కర్రలు పక్కన పడేసి, వంగి, దుక్కి నుంచి తోలుకొచ్చిన ఎడ్లని తట్టినట్టు రెండు మోకాళ్ళనీ తట్టింది. తర్వాత అవతలి కొండల వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను హాస్యమేదైనా ఆడదామని నోరు తెరిచాను గాని గాలి నోట్లో కొట్టింది.

"చాలండీ," అంది ఆవిడ.

ఆవిడ అన్నది తెలుగే. రాయి మీద కూర్చుని ఖర్జూరాలు తింటున్న గైడు చెవికి అది ఏ భాషలో చేరిందో గాని, వెంటనే లేచి, సంచులు భుజానికెత్తుకుని, ఈల వేసుకుంటూ అవతలి దిగుడులోకి దిగిపోయాడు. ఇద్దరిలో ఎవరమూ అతన్ని సరిదిద్దలేదు. దిగుడు కనుక నేను ముందు నడిచాను. ఆవిడ ఈసారి కర్రలు ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి నా భుజం మీద వేసింది. నేను ఏనుగునన్న సంగతి మొదటిసారి ఎవరికైనా పనికొచ్చింది.