తాయెత్తు అమ్ముతున్న గొంతు

ఫోనులో ఆట తెరవగానే మీ చెవిలో గుసగుసగా మాట్లాడే ఆ మనిషి ఎవరని మీరు ఎప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. ఆ మనిషి నా స్నేహితుడు కాకపోతే నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఆయన హిందూపురంలో మైకు అనౌన్సరు. ఆటో మీద రెండు గొట్టం మైకులు కట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. కొత్త బట్టల దుకాణం, కుళాయి నీళ్ళు రాని రోజు, తప్పిపోయిన పాడి ఎనుము, ఎవరో పోయారన్న కబురు, ఏదైనా ఊరికి ముందు ఆయన గొంతులోనే వినిపించేది. మడకశిర వైపు వెళ్తే అదే కబురు కన్నడంలో చెప్పేవాడు. మా హేతువాద సభలకూ ఆయనే గొంతు. వాదన నేను రాసేవాణ్ణి, జనానికి చేర్చేది ఆయన. ఒకసారి గోరంట్ల సంతలో తాయెత్తులమ్మే మనిషి ఎదురుగా ఆటో ఆపి మైకులోనే అడిగాడు.

"ఏమప్పా, ఇది కట్టుకుంటే తేలు కుట్టదంటాండావే! తేలును నేను పట్టుకొస్తా, నువ్వు కట్టుకోని కూర్చుంటావా?"

సంత సంతంతా నవ్వింది. తాయెత్తులవాడు కూడా నవ్వి, "ఆ మైకు ఆపేసి మాట్లాడప్పా, అప్పుడు సూద్దాం ఎవురు గెలుస్తారో" అన్నాడు.

బెంగళూరులో ఫోను ఆటలు తయారుచేసే ఒక కంపెనీ తెలుగూ కన్నడమూ రెండూ పలికే గొంతు కోసం వెతుకుతూ ఆయన్ని పట్టుకుంది. ఆ ఆటలో నాయకుడు ఎదురుగా నిలబడి కొట్లాడడు. చీకట్లో గోడ వెంబడి నడుస్తాడు, కాపలావాళ్ళ వెనక నుంచి దాటుకుపోతాడు. మొదటిరోజు నేనూ రైలెక్కి ఆయన వెంట వెళ్ళాను. అద్దాల గదిలో మైకు ముందు నిలబెట్టగానే అలవాటుకొద్దీ అరిచాడు.

"సార్, కాపలావాడు మీ పక్కనే ఉన్నాడు. వినపడిందంటే చంపేస్తాడు" అంది రికార్డింగు చేయించే అమ్మాయి.

"వినపడకుండా మాట్లాడాలంటే నన్నెందుకు పిలిస్తిరమ్మా?"

గదిలో అందరూ నవ్వారు. తర్వాత ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచినప్పుడు వచ్చిన గొంతు నాకు తెలుసు. చావు కబురు చెప్పే రోజుల్లో, ఆటో పోయినవాళ్ళ వాకిలి దగ్గరికి రాగానే, మైకును పెదవులకు ఆనించుకుని చెప్పే గొంతు అది. లోపల ఏడుస్తున్నవాళ్ళు ఉలిక్కిపడకూడదని అలా తగ్గించేవాడు. మా వైపు అనౌన్సర్ల పద్ధతి అది.

ఆటలో నాయకుడు కాపలావాడి మెడ వెనక నుంచి పట్టుకున్నప్పుడు, "కదిలితే చస్తావ్" అనాలని వాళ్ళు రాసిచ్చారు. ఆయన అలా అని చూశాడు. ఆ మాట నోటికి సరిపడలేదు. "అరవద్దప్పా. ఇంట్లో నీకోసం సూస్తాంటారు" అన్నాడు. ఆ అమ్మాయి ఆ మాటనే ఉంచేసింది.

నాయకుడు మారిపోయింది అక్కడే. బొమ్మ గీసినవాళ్ళు ఒళ్ళిచ్చారు, నడకిచ్చారు. జాలి మాత్రం గొంతుతో వచ్చింది. రెండో భాగం వచ్చేసరికి ఎవరినీ చంపకుండా దాటిపోయే దారి కూడా ఆటలో పెట్టారు. ఇంత మెత్తగా మాట్లాడేవాడు దొరికినవాణ్ణల్లా పొడిచేస్తే ఆడేవాళ్ళు నమ్మడం లేదట. ఆ తర్వాతి భాగాల్లో నాయకుడి జుట్టు నెరిసింది, మాట తగ్గింది. ఆయన గొంతు ముదిరిన కొద్దీ బొమ్మా ముదిరింది. పరాక్రమాలు పుట్టుకతో వస్తాయని చెప్పే కథలతో నేను జీవితమంతా పోట్లాడాను. నాయకుణ్ణి మనుషులే తయారుచేస్తారని చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి రుజువు దొరకలేదు.

తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. మైకు పట్టినవాడికి బొంగురు, మడక పట్టి దున్నేవాడికి కాలి బురద లాంటిది. ఎవరూ పట్టించుకోలేదు. పైగా అరిచి అలిసిన గొంతుకు గుసగుసే విశ్రాంతి అని అనౌన్సర్లందరి నమ్మకం. "పొద్దున ఆటోలో అరుస్తా, మాపున ఆటలో గుసగుసలాడి సర్దుకుంటా" అనేవాడు. మిరియాలూ తేనే నాకుతూ నెలలు గడిపేశాడు.

అన్నం మింగుడు పడని రోజు ఆయన భార్య భయపడింది. "దేవుళ్ళను మైకులో తిట్టిన నోరు. యాడికి పోతాది పాపం?" అని ఏడ్చి, పెనుకొండ దగ్గరున్న ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ స్వామి మెడకు దారం కట్టి, మండలం రోజులు మౌనం పట్టమన్నాడు. తెలిసిన వెంటనే వాళ్ళింటికి వెళ్ళి నా స్నేహితుడి మీద మండిపడ్డాను. నువ్వా దారం కట్టుకునేది, నువ్వా, అని అరిచాను. రేపే డాక్టరు దగ్గరికి పోదామన్నాను. ఆయన భార్య లోపలికి వెళ్ళేదాకా ఆగి, మౌనం వదిలి, తెగిన గొంతుతో ఒక్క మాట అన్నాడు.

"నీ వాదన కన్నా దాని ఏడుపు గట్టిగా ఉండాదబ్బా."

మండలం నిండకుండానే ఊపిరి ఆడలేదు. బెంగళూరు ఆసుపత్రికి పరుగెత్తాం. గొంతులో పుండు కాన్సరన్నారు, ముందే వచ్చి ఉంటే గొంతును కాపాడే ప్రయత్నం చేసేవాళ్ళమన్నారు. స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం మిగిల్చారు. ఆ స్వామిని నిలదీయడానికి పెనుకొండ వెళ్ళాను. "నమ్మకం సాలలేదు నాయనా" అన్నాడు, నా వెనకున్న మనిషికి దారం కడుతూనే.

ఇప్పుడు ఆయన భార్యతో పాటు ధర్మవరంలో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. ఆ వీధిలో ప్రతి ఇంట్లో మగ్గం ఆడుతుంటుంది. ఆ చప్పుడు మధ్య మాట లేని మనిషి పెద్దగా తెలియడు. మొన్న నేను వెళ్ళినప్పుడు కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. ఆటలో కొత్త భాగం విడుదలైంది. తెరవగానే ఆయన గొంతు, అదే తగ్గింపు, అదే వాకిలి ముందటి గొంతు.

"నాయనా, ఇదెప్పుడు సెప్తివి?" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ మాటలు ఆయన చెప్పినవి కావు. పాత రికార్డింగుల నుంచి యంత్రం ఆయన గొంతును పోతపోసింది. "అరవద్దప్పా" అంది ఆ గొంతు. వెంటనే కత్తి దిగిన చప్పుడు. కాపలావాడు కూలిపోయాడు. తర్వాత, డబ్బు కట్టి సామాన్లు కొనుక్కునే ఆటలోని అంగడి తెరుచుకుంది. అదే గుసగుస. "ఈ తాయెత్తు కొనుక్కో. కట్టుకుంటే ఎవరికీ కనబడవు."

ఆయన అరచెయ్యి ఫోను మీద పెట్టాడు. ఊరికి వినపడకూడని మాట వచ్చినప్పుడు మైకును అలాగే మూసేవాడు. గొంతు ఆయన వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది. మళ్ళీ తాయెత్తు, మళ్ళీ తాయెత్తు.

అక్కడే కూర్చుని కంపెనీకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి అక్కడ లేదు, మానేసిందట. ఎవరో ఒకతను మర్యాదగా మాట్లాడాడు. "రికార్డింగులు మావే కదండీ. అయినా మాట్లాడింది యంత్రం, ఆయన కాదు."

"ఆయన కాకపోతే కూతురికి నాయన గొంతులా ఎందుకు వినపడింది?" అన్నాను. అతను ఫోను పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే, ఆయన భార్య కూతురి ఫోను చెవికి ఆనించుకుని కూర్చుని ఉంది. అంగడి మూసి తెరుస్తోంది, మూసి తెరుస్తోంది. తాయెత్తు అమ్మే ఆ రెండు మాటలే వింటోంది. "సూడన్నా, దేవుడు యాడికీ ఎత్తుకుపోలేదు. గొంతును ఈడ దాసిపెట్టినాడు" అంది. ఆమె మొహంలో వెలుగు చూసి ఆమెతో వాదించలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమెతో అనని మాట మీతో అంటున్నాను. దేవుడు ఆ గొంతును తీసుకోనూ లేదు, దాచనూ లేదు. వైద్యం చేయించుకోవలసిన కాలాన్ని ఒక మనిషి దొంగిలించాడు, గొంతును ఇంకొందరు మనుషులు దొంగిలించారు. మనుషులు చేసిన పనిని మనుషులు నిలదీయవచ్చు. ఆయన అడగలేడు. మీకు నోరుంది.

ఆట అయిపోగానే వచ్చే పేర్లను దాటించకండి, ఆగి చదవండి. గొంతు ఎవరిదో రాసి లేకపోతే ఆ కంపెనీకి ఈరోజే రాయండి: ఇది ఎవరి గొంతు? ఈ మాటలు పలికించే ముందు ఆ మనిషిని అడిగారా? జవాబు వచ్చేదాకా ఒక్క తాయెత్తు కూడా కొనకండి. ఫోనులోనూ వద్దు, సంతలోనూ వద్దు.