కడుపులో తావు

మా ఆఫీసు మీటింగుల్లో ఈ కథ చెప్పే పద్ధతి ఒకటుంది. చదువు లేని అత్త, నోరు లేని కోడలు, మూఢనమ్మకం, పస్తులు, బరువు తక్కువ బిడ్డ. చెప్పేవాళ్లు నిట్టూరుస్తారు, వినేవాళ్లు తలూపుతారు, తర్వాత అందరూ టీ తాగుతారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూట లేదు. ఆ కోడలికి నోరు లేదన్నవాడు ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడి ఉండడు. ఇక ఆ అత్త కోడలికి తిండి తగ్గించిన మాట నిజమే. ఎందుకు తగ్గించిందో ఎవరూ అడగలేదు. కోడల్ని బతికించుకోవడానికి తగ్గించింది. ఈ ముక్క చెప్పబోతే, "మేడమ్, మీరు ప్రతిదానికీ వాదిస్తారు" అని నా నోరు మూయించారు. అవును, వాదిస్తాను. ఇక్కడ నన్ను ఆపేవాళ్లెవరూ లేరు కాబట్టి మొత్తం చెబుతాను.

మాది బద్వేలు. డిగ్రీ చదివి, దాని మీద ఇంకో డిగ్రీ చదివి, నలభై దాటాక నాకు దొరికిన ఉద్యోగం ఇల్లిల్లూ తిరగడం. కొండల వైపు పల్లెల్లో, కూలికి పోయే ఇళ్లలో, కడుపుతో ఉన్న ఆడవాళ్లు సరిగ్గా తింటున్నారా, నెలనెలా బరువు పెరుగుతున్నారా అని చూడాలి. సంచిలో బరువు తూచే యంత్రం, ఫోనులో ఒక యాప్. బరువు పెరిగితే పచ్చ గీత, పెరగకపోతే ఎర్ర గీత. ఎర్ర గీతలు ఎక్కువైతే పైవాళ్లు నాకు ఫోను చేస్తారు, ఆ గీత నేనే గీసినట్టు.

ఆ కోడలమ్మిది ఎప్పుడూ ఎర్ర గీతే.

ఇరవై నిండాయో లేదో. నా భుజం దాకా కూడా రాదు, అంత పొట్టి. మొదటి కాన్పు. తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి పుట్టింటికి తీసుకుపోయేవాళ్లు లేరు, కాన్పు అత్తగారింట్లోనే. భర్త ఊళ్లో ఎవరిదో ట్రాక్టరు తోలుతాడు, పొద్దున పోతే మళ్లీ దీపాల వేళకే రావడం. పగలంతా ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. అత్తకు కాస్త అటూ ఇటూ నా వయసే ఉంటుంది. ఎండ ఆమెను నాకంటే పదేళ్లు ముందు నడిపించింది.

మొదటిసారి పోయినప్పుడు ఐదో నెల. అందరినీ అడిగినట్టే అడిగాను.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"సంగటి."

"ఎంత?"

"మా అత్త చేతికి ఎంతొస్తే అంత. మా అత్త చెయ్యి శానా చిన్నది మేడమ్."

లోపలి నుంచి అత్త అందుకుంది. "నా చెయ్యి చిన్నది కాదు, నీ నోరు పెద్దది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూసి ఈ ఇంట్లో నా పని సులువే అనుకున్నాను.

అత్త బయటికొచ్చి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నాకు విషయం వివరించింది. పాఠం చెప్పడానికి పోయిన నాకే పాఠం. "కడుపు ఒకటే గదా మేడమ్మా. ఈ అమ్మి దాన్నిండా బువ్వ పెట్టుకుంటే బిడ్డకు తావు యాడుంటాది? అరకడుపు తిని, అరకడుపు బిడ్డకు ఇడచాల."

నేను బొగ్గు ముక్క తీసుకుని అరుగు మీద బొమ్మ గీశాను. అన్నం పోయే సంచి వేరు, బిడ్డ ఉండే సంచి వేరు, తల్లి తిన్నదే బిడ్డకు రక్తమై పోతుంది, తల్లి పెరక్కపోతే బిడ్డా పెరగదు. ఆమె బొమ్మను ఓపిగ్గా చూసింది.

"బొమ్మ బాగుండాది. బిడ్డ లావైతే నీ బొమ్మొచ్చి కంటాదా?"

అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు కూడా అంతే. తెల్లసొన కోడలికి, పచ్చసొన అత్తకు. పచ్చది తింటే బిడ్డ బలుస్తుందట. ఇనుము మాత్రలకు అదే శిక్ష, గూట్లోంచి దిగవు. పాలలో సగం నీళ్లు. చేతిలో ఉన్నది లాక్కోవడం లేదు, కొట్టడం లేదు, తిట్టడం లేదు. కోడలు పళ్లెం సగం కాగానే, "చాల్లే అమ్మీ" అని వీపు నిమిరి పళ్లెం తీసేస్తుంది. అంతే.

రెండు నెలలు నోటితో వాదించి ఓడిపోయాక, నేను బంతి మర్యాదను పట్టుకున్నాను.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఇంటికొచ్చిన చుట్టంతో పాటు బువ్వకు కూర్చున్న మనిషి, చుట్టం తినడం అయ్యేదాకా చెయ్యి కడగకూడదు. ముందే లేస్తే నీ తిండి చాలించు అని చెప్పినట్టు. పక్కన మనిషిని ఖాళీ పళ్లెంతో కూర్చోబెట్టినా చుట్టానికి ముద్ద దిగదు, ఇంటిదానికి పరువు దక్కదు. సరే, నేను చుట్టాన్నయ్యాను. సరిగ్గా పగటి బువ్వ వేళకు పోయి, "ఎండకు కళ్లు తిరుగుతున్నాయి, సంగటి పెట్టు తల్లీ" అని గోడకానుకుని కూర్చునేదాన్ని. "ఒక్కదాన్నే తినలేను, కోడల్ని కూడా కూర్చోబెట్టు." వాళ్ల తిండి ఊరికే తినలేదు లెండి. వాళ్లింటికి పోయేటప్పుడు కందిపప్పు, చెనిక్కాయలు, బెల్లం సంచిలో వేసుకుని పోయేదాన్ని.

ఇక నా తినడం చూడాలి. పెళ్లి బంతిలో ముసలమ్మలు కూడా అంత నిదానంగా తినరు. ఒక్కో ముద్దకూ ఒక్కో కబురు. ఆ అమ్మి మొదటి రోజే ఆట పట్టేసింది.

"అత్తా, మేడమ్‌కు ఇంకో ముద్ద పెట్టు. పాపం శానా దూరం నడిచొచ్చె."

నాకు పెడితే పక్క పళ్లెంలో కూడా పెట్టాల్సిందే. అత్త నా వైపు చూసి, "చుట్టమై వచ్చి దయ్యమై పడ్తివే తల్లీ" అని పెట్టేది. ఆమెకూ తెలుసు. తెలిసినా మర్యాద తప్పదు. మా సీమలో ప్రాణం పోగొట్టుకుంటారు గానీ చుట్టం పళ్లెం దగ్గర మాట పడరు.

వారానికి రెండుసార్లు పోయాను, కుదిరితే మూడుసార్లు. నా జాకెట్లన్నీ బిగుతైపోయాయి. మా ఆయన ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "బరువు పెంచాల్సింది వాళ్లదేనా, లేక మీ ఆఫీసులో ఏమన్నా మార్చినారా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నెలాఖరుకు ఆ అమ్మిని యంత్రం ఎక్కిస్తే నా నవ్వు చచ్చింది. ఎక్కడి ముల్లు అక్కడే. దిగి మళ్లీ ఎక్కమన్నాను. యంత్రం చెడిందేమోనని నేనెక్కి చూశాను. చెడలేదు. నా సంగతి బాగానే చూపించింది.

ఆ అమ్మి కుళాయి దగ్గర బిందె కడుగుతుంటే వెంట పోయి నిలదీశాను. "నా పక్కన కూర్చుని అంత తింటున్నావు, ఏమైపోతోంది అదంతా?"

"మీరొచ్చిన దినం రాత్రికి నాకు మజ్జిగే మేడమ్. మర్నాడు పొద్దున కూడా. పగలు రెండు ముద్దలు ఎక్కువ పోయినాయి గదా, సరి చెయ్యాల గదా."

"అడగవా నువ్వు? నా దగ్గరైతే నీకు అంత నోరుంది గదా!"

"అడిగితే ఏడుస్తాది మేడమ్. తిట్టే అత్తయితే రెండు తిట్టి నా కూడు నేను పెట్టుకుంటా. ఏడ్చే అత్తను ఏం చెయ్యాల?"

అక్కడే నిలబడి పెదవి తడుపుకుంది. ఆకలితో ఉన్నదని చూస్తేనే తెలుస్తోంది. ఏడో నెల నిండిన మనిషి మణికట్టు నా రెండు వేళ్ల మధ్య పట్టేలా ఉంది. విసవిసా ఇంట్లోకి పోయాను. అత్త చాటలో జొన్నలు చెరుగుతోంది.

"నువ్వు మనిషివేనా? నాకు పెట్టినట్టే పెట్టి రాత్రికి దాని నోరు కడుతున్నావా? అది బిడ్డను మోస్తాందా, పాపం మోస్తాందా?"

ఆమె చాట ఆపలేదు. పొట్టు ఎగిరి నా చీర మీద పడుతోంది.

"నా కూతురికి బాగా తినిపిస్తి మేడమ్మా" అంది.

ఆమెకు కూతురుండేదని అప్పటిదాకా నాకు తెలియదు.

"మొదటి కాన్పని ఇంటికి తెచ్చుకుంటి. నీ మాదిరే ఒకామె వస్తాండె, సంచి ఏసుకోని. తినిపించు, తినిపించు అనె. తినిపిస్తి. నెయ్యి తినిపిస్తి, గుడ్లు తినిపిస్తి. నా బిడ్డ నిగనిగలాడె. లోపల బిడ్డా పెరిగె. నొప్పులొచ్చె, బిడ్డ రాకపాయె. వాన. ఊరి ముందర వంక పొంగె. ఆసుపత్రి బండి వంకకు ఆ పక్క నిలబడె. మంచం మీద పండబెట్టి నలుగురు మోసి దాటించిరి. ఒక ఆసుపత్రిలో కోసే డాక్టరు లేడనిరి. ఇంకోదాంట్లో రక్తం లేదనిరి, కడపకు పొమ్మనిరి. దావలోనే నా చేతిలో చల్లబడె. లోపల్ది లోపలే ఉండిపాయె."

చాట కింద పెట్టింది.

"ఈ అమ్మి నా కూతురికంటే పొట్టి. దాని నడుము చూసినావా, ఎంతుండాదో? నువ్వు తినిపిచ్చి పోతావు. కనాల్సింది ఈడ. వంకొస్తే నువ్వొచ్చి మోస్తావా?"

నా దగ్గరున్న నెలవారీ బరువుల కార్డులో, యాప్‌లో, శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో వంక లేదు. నేను చేతనైనది చెప్పాను. తొమ్మిదో నెల పడగానే ఈ అమ్మిని మా ఇంటికి తీసుకుపోతాను, బద్వేల్లో నా మంచం పక్కనే పండుకుంటుంది, నొప్పులు రాకముందే కడపలో చేర్పిస్తాను, కొయ్యాల్సి వస్తే అక్కడే కోస్తారు. మా ఆయన్ను అడగలేదు, అడిగే అవసరం లేదనుకున్నాను. అత్త అరచెయ్యి చాపింది.

"ఒట్టేనా?"

"ఒట్టే."

"అట్లయితే పెడ్తా. కొంచెం కొంచెంగా."

ఆ సాయంత్రం నా ముందే కోడలికి గుడ్డు మొత్తం పెట్టింది. పచ్చసొన నోట్లో పెట్టుకుని ఆ అమ్మి కళ్లు మూసుకుంది. "అత్తా, ఇన్నాళ్లూ ఇంత రుచి నువ్వొక్కదానివే తింటివా?" అంది. అత్త నవ్వలేదు. భయంతో కోడలి పొట్ట వైపే చూస్తోంది, అక్కడికక్కడే పెరుగుతుందేమోనన్నట్టు.

కానీ తొమ్మిదో నెల రాలేదు. ఎనిమిదిలోనే నొప్పులొచ్చాయి.

ఎండాకాలం, వంక ఎండి ఉంది, బండి ఇంటి ముందుకే వచ్చింది. ఆసుపత్రి చేరేలోపు బండిలోనే కాన్పయింది. అత్తే నాకు ఫోను చేసింది. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "అయిపాయె మేడమ్మా! గట్టిగా ఒక్క అరుపు కూడా అరవల్యా. ఆడబిడ్డ. పిల్లి పిల్లంతుండాది. అమ్మి బాగుండాది, మాట్లాడతాండాది. నేను చెప్తి గదా, చిన్నదైతే సులువు అని!"

నేను కడప బస్సు ఎక్కాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు. నా అరచేయి కంటే కాస్త పెద్ద వీపు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకలు ఒక్కొక్కటీ లోపలికి పోయి బయటికొస్తున్నాయి. తల్లి తినని సంగటంతా అక్కడ లెక్క కనబడుతోంది. అత్త అద్దం అవతల నిలబడి సంబరంగా చూస్తోంది. చిన్నది, బతికింది, తల్లీ బతికింది, తన దృష్టిలో తాను గెలిచింది. ఊపిరితిత్తులు తయారు కాలేదని, తనంతట తాను పాలు తాగలేదని, ఏమీ చెప్పలేమని నర్సమ్మ చెప్పేదాకా ఆమెకు అర్థం కాలేదు.

"చిన్నదే గదమ్మా. బయటికొచ్చినాక పెరగదా? ఇప్పుడు పెడ్తే సరిపోదా?"

నర్సమ్మ బిడ్డ చీటీ మీద ఏదో రాసుకుని పక్క పెట్టె దగ్గరికి పోయింది.

అప్పుడు మొదలుపెట్టింది ఆ మనిషి. కోడలికి తినిపించడం. ఆసుపత్రి బయట బండి మీద దోసెలు, ఇడ్లీలు, గుడ్లు, అరటిపళ్లు, ఎవరి దగ్గరో అడుక్కొచ్చిన పాలు. "తిను అమ్మీ, తిను, పాలు పడతాయి, బిడ్డ లేస్తాది" అని కూర్చోబెట్టి ముద్ద మీద ముద్ద. ఆ అమ్మి నమిలి, మింగలేక, కళ్లలో నీళ్లతో, "చాలత్తా" అనేది. జీవితంలో మొదటిసారి ఆ మాట కోడలి నోట విన్నది ఆ అత్త. వినిపించుకోలేదు.

బిడ్డ లేవలేదు.

ఇంటికి తీసుకుపోయే ముందు గుడ్డలో చుట్టిన దాన్ని అత్త ఒళ్లో పెట్టుకుని చేత్తో ఎత్తి ఎత్తి చూసింది, బరువు చూసినట్టు. "ఏముండాది దీంట్లో, ఏమీ లేదే" అంది.

ఇప్పుడు ఆ అమ్మి మళ్లీ కడుపుతో ఉంది. ఈసారి లెక్క ప్రకారం కాన్పు నడి వానల్లో పడుతుంది. వంక మీద వంతెన వేస్తామని మూడు ఎన్నికల్లో చెప్పారు, గుంతలు తవ్వారు, కంకర తోలారు, ఆ కంకర ఇప్పుడు ఎవరి ప్రహరీలోనో ఉంది. మొన్న నేను పోయేసరికి అత్త సంగటి గిన్నె ముందు పెట్టుకుని కూర్చునుంది. చేతిలో గరిటె. పళ్లెంలో ఇంకా ఏమీ లేదు.

"వచ్చినావా. ఈ తూరి నేను వాదించను. నువ్వే చెప్పు. ఎక్కువ పెడ్తే నా కూతురు పాయె. తక్కువ పెడ్తే ఈ అమ్మి బిడ్డ పాయె. యాడ నిలపాల?"

"అత్తా, ఆమె చెప్పేది నువ్వు వినేది తర్వాత పెట్టుకోండి. ముందు పెట్టు. శానా ఆకలైతాండాది" అని కోడలు పళ్లెం ముందుకు తోసింది.

కార్డులో ఉన్నది నాకు కంఠతా వచ్చు, అదే చెప్పాను. కడుపు నిండా పెట్టమన్నాను. మా ఇంటికి తీసుకుపోతానని మళ్లీ ఒట్టు పెట్టాను. ఆమె గరిటె ఎత్తింది, పళ్లెం దాకా తెచ్చింది, అక్కడ ఆగింది. "నెల ముందే వస్తే?" అంది. పోయినసారి అట్లాగే వచ్చింది మరి.

ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉండగా నాకు ఆ కార్డు తయారు చేసినవాళ్లు గుర్తొచ్చారు. ఇన్ని నెలలకు ఇన్ని కిలోలు అని చక్కగా అచ్చువేసి నా సంచిలో పెట్టి పంపినవాళ్లు. వాళ్లతో నాకు గొడవ లేదు, కిలోల లెక్క సరైనదే. ఒక్కటే అడగాలి. వంకకు ఇవతల, వానాకాలంలో, నా భుజం దాకా కూడా రాని ఈ అమ్మి పళ్లెంలో ఎన్ని ముద్దలు పెడితే ఇద్దరూ మిగులుతారు?