దగ్గు రాని పైపు

హైదరాబాద్ మాల్‌లో అద్దాల వెనక పొగాకు పైపు ధర చూసి ఆగిపోయాను.

చిన్నప్పుడు సత్తుపల్లి బొగ్గు గని క్వార్టర్స్‌లో ఇంజనీరు గారి అమ్మాయి సునీత నా క్లాస్‌మేట్. "మా డాడీ పైపు ఫారిన్‌ది, తాగితే దగ్గు రాదు" అనేది. ఆ పైపు ఖరీదంతా అందుకేనని నమ్మి కుళ్ళుకునేదాన్ని. డంపర్ నడిపే మా నాన్న తునికాకులో పొగాకు చుట్టుకుని తాగుతూ ఒకటే దగ్గేవాడు.

"నువ్వూ పైపు కొనుక్కో నాన్నా" అన్నాను.

"అడివి ఊరికే ఆకిస్తుంటే పైపెందుకు బిడ్డా."

ఒకరోజు నాన్నతో దవాఖానాకు వెళ్తే, బెంచీ మీద ఇంజనీరు గారు అచ్చం నాన్నలాగే దగ్గుతున్నారు.

"మీకూ గిట్లనేనా సార్" అంటూ నాన్న ఆయన పక్కన కూర్చున్నాడు.

రేపు సునీతకు ఏమని చెప్పాలా అని నేను మురిసిపోయాను. ఆ సంబరంలో, అదే బెంచీ మీద నాన్న కూడా దగ్గుతున్నాడన్న సంగతి నాకు తట్టనే లేదు.